ముందు జప్తు, వెనుక విచారణ

మన పల్లెలలో పెద్దలందఱకు పరిచయమైన మాటలలో 'జప్తు' అనునది యొకటి. అరబ్బీ భాషలో పుట్టి, పారసీ మీదుగా నవాబుల కచ్చేరీలలో ప్రవేశించి, మన తెలుగులో స్థిరపడిన యీ మాట అక్షరము నేర్వని వానికి సైతము బోధపడును. దానితోపాటు కన్నుల యెదుట నిలుచు దృశ్యము కూడ మనకు క్రొత్త కాదు. వీధిలో దండోరా, చేత కాగితముతో ఒక ఉద్యోగి, అతని వెనుక ఇద్దఱు బంట్రోతులు, గడప లోపల నిలుచుండిన యిల్లాలు, కట్టుగొయ్య నుండి విప్పబడుచున్న పాడిగేదె. చూడవచ్చిన యిరుగుపొరుగువారు తలలు వంచుకొని నిలుతురు. ఆనాడు ఆ యింటినుండి వెడలిపోవునది గేదె మాత్రమే కాదు, పరువు కూడ.

ప్రభుత్వమునకు పౌరుల ఆస్తిని స్వాధీనము చేసికొను అధికారము బొత్తిగా ఉండరాదని ఎవ్వరును అనజాలరు. పన్ను చెల్లింపగలిగియు చెల్లింపని ధనికుని నుండి, పదిమంది డిపాజిట్లు మ్రింగిన మోసగాని నుండి సొమ్ము రాబట్టు మార్గము లేనిచో రాజ్యము సాగదు. కావున మనము విచారింపవలసిన ప్రశ్న వేరు. జప్తు ముందా, విచారణ ముందా? ఇచ్చుకొనవలసినది నిజముగా కలదో లేదో తేల్చిన పిమ్మట చేయి వేయుదురా, చేయి వేసిన పిమ్మట తేల్చుదురా? మన దేశములో రెండు శతాబ్దులకు పైగా ప్రజలు పడిన ఆందోళనకు మూలము ఈ వరుసక్రమమే అని మా అభిప్రాయము. ఆ కథను తెలుగునాటి అనుభవము నుండియే మొదలుపెట్టుదము.

కంపెనీవారి తొలిదినములలో ఇట్టి ప్రశ్న వేయుటకే చోటు లేకుండెను. పేష్కషు బకాయి పడినదని 1793లో వారు విజయనగర సంస్థానమును జప్తు చేసిరి. రాజు చిన విజయరామరాజు ఆ యుత్తరువునకు లోబడక, 1794 జూలై 10వ తేదీన పద్మనాభము వద్ద పోరాడి నేలకొఱగెను. 1802లో వచ్చిన శాశ్వత పైసలా నిబంధనతో జమీందారునకు హక్కుపత్రము లభించెను గాని, కిస్తు తప్పినచో జమీ వేలమునకు వచ్చుట కూడ ఆ పత్రములోని భాగమే. మన్రో దొర పేరుతో మనమెఱిగిన రైతువారీ పద్ధతి అమలైన జిల్లాలలో నడుమ జమీందారు లేడు. సర్కారునకును రైతునకును నేరుగా లావాదేవీ. కావున జప్తు కూడ నేరుగా రైతు గడపకే వచ్చెను.

ఆ గడప వద్ద ఏమి జరుగుచుండెనో లోకమునకు తెలిపిన వారిలో అగ్రగణ్యుడు చెన్నపట్టణములోని ఒక తెలుగు వర్తకుడు. ఆయన పేరు గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠి. 1844లో 'క్రెసెంట్' పత్రికను నెలకొల్పి, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించిన యీ మహనీయుడు, శిస్తు వసూలులో జరుగుచున్న దౌర్జన్యములను గూర్చి ఇంగ్లండు పార్లమెంటునకు అర్జీలు పంపించెను. 1853లో డాన్బీ సేమర్ అను పార్లమెంటు సభ్యుడు మన దేశమునకు రాగా, లక్ష్మీనరసు శ్రేష్ఠి ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలు త్రిప్పి రైతుల స్థితిని కన్నులార చూపించెను. మఱుసటి యేడు ఈ విషయము కామన్స్ సభలో చర్చకు వచ్చెను. తత్ఫలితముగా ఇలియట్, స్టోక్స్, నార్టన్ అను మువ్వురితో ఒక విచారణ సంఘము ఏర్పడెను. దాని నివేదిక 1855లో వెలువడెను. చరిత్రలో అది 'టార్చర్ కమిషన్' నివేదికయని ప్రసిద్ధము.

ఆ నివేదికలో పేర్కొనబడిన పద్ధతులను తలచిన నేటికిని ఒడలు జలదరించును. బకాయిదారుని మండుటెండలో నిలువబెట్టుట, అన్నమునకు పోనీయకుండుట, కిట్టి యను రెండు కఱ్ఱల నడుమ వ్రేళ్ళుంచి నొక్కుట, మెడను వంచి కాళ్ళకు చేర్చి గుడ్డతో బంధించుట. అయితే వీనితోపాటు ఆ పట్టికలో చేరిన మఱి రెండు పద్ధతులు మన విషయమునకు మిక్కిలి ముఖ్యములు. మొదటిది, రైతు పశువులను మేతకు విడువనీయక ఇంటిలోనే కట్టివేయించుట. రెండవది, బకాయిదారుని యింటిపై ఒక బంట్రోతును నిలిపి, వాని దినభత్యమును ఆ బకాయిదారుని చేతనే ఇప్పించుట. శరీరమును హింసించుటకును ఆస్తిని బంధించుటకును నడుమ ఆనాటి అధికారులకు భేదము కనబడలేదు. ఆకలితో అంబాయని అఱచుచున్న యెద్దును చూచి రైతు ఎంతసేపు నిలువగలడు? చేతికి కిట్టి వేయకయే పని జరిగిపోవును.

ఆ సంఘమువారు మఱియొక సత్యమును కూడ గ్రహించిరి. అన్యాయమునకు గుఱియైనవాడు న్యాయము పొందుట మిక్కిలి దుర్లభము. ఫిర్యాదు చేయవలెనన్న దూరము పోవలెను, డబ్బు కావలెను, ఎవరిపై ఫిర్యాదో వారి శాఖవారే దానిని వినవలెను. శిస్తు వసూలు చేయు చేతిలోనే పోలీసు అధికారము కూడ ఉండుట ఈ రోగమునకు మూలమని తేలెను. 1859లో మద్రాసు పోలీసు చట్టము వచ్చి, పోలీసు శాఖ రెవిన్యూ శాఖనుండి వేఱుపడుటకు ఈ నివేదికయే ప్రధాన కారణము.

అటుపిమ్మట 1864లో మద్రాసు రెవిన్యూ రికవరీ చట్టము వెలువడెను. శిస్తు బకాయికై చరాస్తిని, భూమిని జప్తు చేసి వేలము వేయుటకు ఆ చట్టము కలెక్టరునకు అధికారమిచ్చెను. కాని అది కొన్ని కట్టుబాట్లను కూడ విధించెను. ముందుగా వ్రాతమూలకముగా డిమాండు తెలుపవలెను. జప్తు సూర్యోదయమునకు పిమ్మట, సూర్యాస్తమయమునకు ముందు జరుగవలెను. బకాయి యెంతయో ఇంచుమించుగా అంతకు సరిపడు సొత్తునే పట్టవలెను గాని, పది రూపాయలకు నూఱు రూపాయల సొత్తు పట్టరాదు. స్త్రీలు నివసించు గదులలోనికి విచ్చలవిడిగా చొరబడరాదు. ఇవి చిన్న విషయములుగా తోపవచ్చును. కాని అర్ధరాత్రి తలుపు తట్టబడిన యింటివారికి మాత్రము ఇవి చిన్నవి కావు. 1908లో వచ్చిన సివిల్ ప్రొసీజరు కోడు కోర్టు జప్తుల విషయములో ఇంకను ముందునకు పోయెను. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, ఆచారము ననుసరించి స్త్రీ శరీరమునుండి తీయరాని ఆభరణములు, సేద్యపు పనిముట్లు, అవసరమైన యెడ్లు, విత్తనపుగింజలు, ఇవి జప్తు కారాదని అది శాసించెను. అప్పు ఎంతటిదైనను మంగళసూత్రము దాని పరిధిలోనిది కాదని చట్టమే ఒప్పుకొన్నదన్నమాట.

అయినను మూలమునందున్న లోపము అట్లే నిలిచియుండెను. 1864 చట్టములో బకాయి యున్నదని చెప్పువారు, జప్తు చేయువారు, వేలము వేయువారు అందఱును ఒకే శాఖకు చెందినవారు. రైతు కోర్టుకు పోవచ్చును. కాని సామాన్యముగా జప్తు జరిగిన పిమ్మటనే. ఈ చట్టము, కాలానుగుణమైన సవరణలతో, మన తెలుగు రాష్ట్రములలో ప్రభుత్వ బకాయిల వసూలునకు నేటికిని అమలులో నున్నదని జ్ఞాపకముంచుకొనవలెను.

జప్తు అధికారమునకు గల బలమెంతయో, బలహీనత యెక్కడనో తెలుపు ఘట్టము 1921-22లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో జరిగెను. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వమున రైతులు శిస్తు చెల్లింపమని తీర్మానించుకొనిరి. గ్రామోద్యోగులు రాజీనామాల నిచ్చిరి. శాంతిసేన గ్రామ గ్రామమున క్రమశిక్షణను కాపాడెను. కలెక్టరు రూథర్‌ఫర్డ్ అధికారయంత్రమునంతను కదలించెను. సైనిక బలగములు గ్రామములలో తిరిగెను. జప్తులు జరిగెను. కాని జప్తు చేసిన సొత్తును వేలము వేసినపుడు పాడువారు కఱవైరి. తోలుకొనిపోవుటకు బండి కట్టువాడు లేడు. వచ్చిన ఉద్యోగికి ఉప్పు, చింతపండు అమ్మువాడు లేడు. అప్పుడు అందఱకు ఒక రహస్యము తెలిసివచ్చెను. జప్తు కాగితము తనంతట తాను సొమ్ము కాజాలదు. దానిని సొమ్ముగా మార్చుటకు పొరుగువాడొకడు ముందుకు వచ్చి పాట పాడవలెను. సంఘము ఆ జప్తును న్యాయమని నమ్మినపుడే అట్టివాడు వచ్చును. సహాయ నిరాకరణోద్యమము 1922 ఫిబ్రవరిలో ఆగిపోగా పెదనందిపాడు ఉద్యమము కూడ ముగిసెను. రైతులు శిస్తు చెల్లించిరి. రాజీనామా చేసిన గ్రామోద్యోగులలో పలువురు నష్టపడిరి. అయినను ఆ పాఠము చెఱగిపోలేదు.

ఆ పాఠమును పూర్తిచేసినది గుజరాతులోని బార్డోలీ తాలూకా. అచ్చట శిస్తును సుమారు 22 శాతము పెంచగా, 1928లో వల్లభభాయి పటేలు నాయకత్వమున రైతులు చెల్లింపము పొమ్మనిరి. వారు కోరినదెల్ల నిష్పక్షపాతమైన విచారణ. ప్రభుత్వము విచారణకు ఒప్పుకొనక జప్తులకు పూనుకొనెను. గేదెలను పట్టుకొనిపోయిరి, భూములను స్వాధీనపఱచుకొనిరి. పశువులను కాపాడుకొనుటకై జనము వానితోపాటు ఇండ్లలో తలుపులు బిగించుకొని నెలల తరబడి గడపిరి. తుదకు ఆగస్టులో ప్రభుత్వము దిగివచ్చి విచారణకు సమ్మతించెను. బ్రూమ్‌ఫీల్డు, మాక్స్‌వెల్ అను ఇద్దఱు అధికారులు, వారును ప్రభుత్వోద్యోగులే, గ్రామములు తిరిగి లెక్కలు చూచి, న్యాయమైన పెంపుదల సుమారు 6 శాతము మాత్రమేయని తేల్చిరి. ఆ విచారణయే ముందు జరిగియుండినచో ఒక్క గేదెనైనను విప్పవలసిన పని యుండెడిది కాదు. ముందు జప్తు, వెనుక విచారణ అను పద్ధతిలోని తప్పునకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము మన చరిత్రలో మఱియొకటి దొరకదు.

ఇచ్చట మఱియొక విశేషమును చెప్పవలెను. రాజుపై యుద్ధము చేసిన నేరమునకు నేరస్థుని యావదాస్తిని హరించు శిక్ష 1860 నాటి భారత శిక్షాస్మృతిలో నుండెను. దానిని 1921లో తొలగించిరి. తండ్రి చేసిన నేరమునకు బిడ్డలు భిక్షమెత్తుకొనరాదను న్యాయము అంతటి పరప్రభుత్వమునకు కూడ తట్టినదన్నమాట.

స్వాతంత్ర్యము వచ్చెను. 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన రాజ్యాంగము ఆస్తిహక్కును ప్రాథమిక హక్కులలో చేర్చెను. అయితే ఇప్పుడు రంగము మాఱెను. ఇంతకాలము జప్తుకు గుఱియైనవాడు రైతు. ఇకమీదట వంతు జమీందారునకు వచ్చెను. 1948లోనే మద్రాసు శాసనసభ ఎస్టేట్ల రద్దు చట్టమును చేసియుండెను. తరతరములుగా అన్యుల భూమిని దున్నిన వానికి పట్టా ఇప్పించుటకు పెద్దల ఆస్తిని ప్రభుత్వము తీసికొనక తప్పదు. బీహారు చట్టమును పాట్నా హైకోర్టు 1951లో కొట్టివేయగా, అదే యేడు మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి భూసంస్కరణలకు రక్షణ కల్పించెను. నష్టపరిహారము ఆస్తి విలువకు సమానము కావలెనని బేలా బెనర్జీ కేసులో సుప్రీంకోర్టు చెప్పగా, 1955లో నాల్గవ సవరణ పరిహారము చాలదని కోర్టులో వాదించుటకు వీలు లేకుండ జేసెను. రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తిగా నుండి 1967లో గోలక్‌నాథ్ కేసులో, ప్రాథమిక హక్కులను హరించు సవరణ చేయు అధికారము పార్లమెంటునకు లేదనెను. 1973లో కేశవానంద భారతి తీర్పు ఆ మాటను మార్చి, సవరింపవచ్చును గాని రాజ్యాంగపు మూలస్వరూపమును చెఱుపరాదనెను. తుదకు 1978లో చేసిన 44వ సవరణ ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల పట్టికనుండి తీసివేసెను. చట్టబద్ధమైన అధికారము లేనిదే ఎవ్వరి ఆస్తిని హరింపరాదను 300-ఏ అధికరణము దాని స్థానమున నిలిచెను.

ఈ మార్పును అన్యాయమని మేము అనబోము. భూమిలేని వానికి భూమి దక్కుటకు ఇది తోడ్పడెను. కాని ఒక విషయమును మఱువరాదు. పెద్దవాని కోటను కూల్చుటకని మనము సడలించిన కట్టు, చిన్నవాని గుడిసెకు కూడ కట్టే. ఒకరికొఱకు విప్పినది ఇద్దఱికిని విడిపోవును.

విచారణ యొక్క విలువను స్వతంత్ర భారతమున తొలిదినములలోనే సుప్రీంకోర్టు గుర్తించెను. మద్రాసు రాష్ట్రము ఒక సంఘమును చట్టవిరుద్ధమని గెజెట్టులో ప్రకటించెను. అట్టి ప్రకటనతో ఆ సంఘపు ఆస్తి కూడ ప్రభుత్వపరము కావచ్చును. వి.జి. రావు కేసు అని పేరొందిన ఆ వ్యాజ్యములో, 1952 మార్చి 31న న్యాయమూర్తులు ఆ శాసనభాగమును కొట్టివేసిరి. సంబంధించిన వారికి నోటీసు అందజేయు యేర్పాటు లేదు. కారణములను న్యాయస్థానము పరీక్షించు మార్గము లేదు. అట్టి నిర్బంధము సమంజసము కాదనిరి. లక్ష్మీనరసు శ్రేష్ఠి నూఱేండ్లకు ముందు అర్జీలో కోరినది ఇట్టి న్యాయమునే గదా!

ఇక మన కాలము. ఇప్పుడు జప్తుకు వచ్చు వస్తువు పాడిగేదె కాదు. బ్యాంకు ఖాతా, ఇల్లు, వాటాలు. కారణము శిస్తు కాదు. నేరమువలన వచ్చిన ధనము. దొంగరవాణా ఆస్తులపై 1976లో ఒక చట్టము, డిపాజిటుదారుల రక్షణకై 1999లో ఆంధ్రప్రదేశ్ చట్టము, అక్రమధన చలామణి నివారణకై 2002లో కేంద్ర చట్టము వచ్చినవి. చివరిది 2005 జూలై 1 నుండి అమలగుచున్నది. దానిక్రింద అధికారి తన నమ్మకమునకు కారణములను వ్రాసియుంచి, 180 దినముల వఱకు ఆస్తిని తాత్కాలికముగా జప్తు చేయవచ్చును. అటుపిమ్మట నిర్ణయాధికారి యెదుట విచారణ జరుగును. 2009, 2012 సంవత్సరముల సవరణలు ఈ పరిధిని ఇంకను విస్తరింపజేసినవి. ధనము కళంకితము కాదని చూపవలసిన భారము పెక్కు సందర్భములలో ఆరోపణకు గుఱియైన వానిపైననే పడును.

ఈ అధికారము అవసరమనువారి మాటలో బలము కలదు. నేటి ధనము ఒక్క గడియలో దేశములు దాటిపోగలదు. విచారణ ముగియువఱకు వేచియున్నచో డిపాజిటుదారునకు మిగులునది శూన్యము. సుప్రీంకోర్టు 2022 జూలై 27న ఈ చట్టపు ముఖ్యభాగములను సమర్థించెను; అయితే మూలనేరమునుండి నిర్దోషిగా విడుదలయైన వానిపై ఈ చట్టముక్రింద నేరము నిలువదని కూడ స్పష్టముచేసెను. ఒక నెల తిరుగక మునుపే, నిర్దోషిత్వమును తానే నిరూపించుకొనవలెనను అంశముపై పునఃపరిశీలనకు నోటీసు ఇచ్చెను. న్యాయస్థానమునకే ఇంకొకమాఱు చూడవలెనని తోచిన అంశమును గూర్చి సామాన్యులు ఆందోళన పడుటలో వింత లేదు.

2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, నేరము వలన వచ్చినదని తోచిన ఆస్తిని తుదితీర్పునకు ముందే కోర్టు ఉత్తరువుతో జప్తు చేసి, బాధితులకు పంచిపెట్టుటకు వీలు కల్పించుచున్నది. 14 దినముల నోటీసు ఇవ్వవలెనన్న నియమము దానిలో కలదు. అత్యవసరమైనచో నోటీసు లేకయే తాత్కాలికోత్తరువు ఇచ్చు వీలును కలదు. ఇక సైబరు నేరముల దర్యాప్తులో, ఎవరో పంపిన స్వల్పమొత్తము ఖాతాలో చేరినందున, ఏ పాపమెఱుగని చిన్న వర్తకుని ఖాతా అంతయు స్తంభించిపోయిన సందర్భములు అనేకము. వివాదములోనున్న మొత్తమును మాత్రమే నిలిపివేయవలెనని కొన్ని హైకోర్టులు ఆదేశించినవి. బకాయికి తగినంత సొత్తే పట్టవలెనని 1864లో వ్రాసిన మాటయే గదా ఇది!

మన కథ మొదట ఎచ్చట ఆరంభమైనదో తిరిగి అచ్చటికే వచ్చితిమి. 2024 మే 16న కలకత్తా నగరపాలక సంస్థకు సంబంధించిన ఒక భూస్వాధీన వ్యాజ్యములో సుప్రీంకోర్టు, 300-ఏ అధికరణములో ఏడు హక్కులు ఇమిడియున్నవని వివరించెను. నోటీసు పొందు హక్కు, తన మాట వినిపించుకొను హక్కు, కారణములతో కూడిన నిర్ణయము పొందు హక్కు, ప్రజాప్రయోజనమునకే ఆస్తిని తీసికొనవలెనను నియమము, న్యాయమైన పరిహారము, జాగుచేయక పని నడపుట, తుదకు ఆ కార్యమును పూర్తిగా ముగించుట. భూసేకరణను గూర్చి చెప్పబడినను, వీనిలో మొదటి మూడు మాటలు ప్రతి జప్తు కాగితముపైనను వ్రాసియుంచదగినవి. నోటీసు, వినికిడి, కారణము. ఈ మూడింటికై తెలుగు వర్తకుడు అర్జీ పంపెను. ఈ మూడును లేనందున బార్డోలీ రైతు తలుపు బిగించుకొని కూర్చుండెను.

దొంగను పట్టుటకు తొందర కావలెను. కాని ఆ తొందరలో ఎవరి గడప త్రొక్కుచున్నామో చూచుకొనుటకు ఒక్క క్షణము ఆగుట రాజ్యమునకు బలహీనత కాదు. ఆ క్షణమే విచారణ. అత్యవసరముగా జప్తు చేయక తప్పని చోట, అది కొద్ది దినములకే పరిమితమై, వెంటనే స్వతంత్రుడైన న్యాయాధిపతి యెదుటికి పోవలెను. తప్పని తేలినచో ఆలస్యము లేక ఆస్తి తిరిగి రావలెను. అట్టి యేర్పాటున్న దేశములో ప్రజలు జప్తును న్యాయమని నమ్ముదురు. అది లేనిచోట చట్టమెంత కఠినమైనను, పెదనందిపాడులో వలె, వేలపుపాట దగ్గఱ నిలుచుండి పాడువారు కఱవగుదురు.